మైసూరు గొరిల్లాలు: జూ కాన్పులతో జాతి నిలుస్తుందా?

నాయండహళ్ళి నాని: ఆదివారం పిల్లల్ని మైసూరు జూకి తీసుకెళ్ళా. 2021లో జర్మనీ నుంచి వచ్చిన థాబో, డెంబా అనే గొరిల్లాలున్నాయి. ఒకటి మావైపు వీపు పెట్టి అరగంట కదల్లేదు. అడవి మొహమే ఎరగని జంతువుని పెంచి ఏం కాపాడుతున్నట్టు?

వైట్‌ఫీల్డ్ వెంకట్: అలా తీసిపారేయకండి. జూలో పుట్టిన మొదటి గొరిల్లా కోలో. అమెరికాలోని కొలంబస్‌లో 1956 డిసెంబర్ 22న పుట్టి, అరవై ఏళ్ళు నిండాక 2017లో పోయింది. అప్పట్లో గొరిల్లా కావాలంటే అడవిలో పెద్దవాటిని చంపి పిల్లని లాక్కొచ్చేవారు. ఇప్పుడా అవసరం లేదు. అడవిలో చూస్తే వేట, ఎబోలా జబ్బు. తల్లి నాలుగైదేళ్ళకి ఒక్క పిల్లని కంటుంది. పోయినవి ఎప్పటికి పూడతాయండీ?

బొమ్మసంద్ర శీను: మైసూరులో ఉన్నవి రెండూ మగవే కదా సార్?

వెంకట్: గుంపుకి ఒక వెండివీపు మగ, అంటే వీపు నెరిసిన పెద్ద మగ, చాలు. మిగిలిన మగవాటిని ఇలా జట్టుగా ఉంచుతారు.

శీను: అదే, మగవే కదా.



అమ్రాబాద్ పోరడు: కోలో అమ్మానాయినల్ని పట్టింది కామెరూన్ అడవిలనే. అది రాయలేదేంది అన్నా?

వెంకట్: తమ్ముడూ, హైదరాబాద్ జూలో పెంచిన మూషిక జింకల్ని మీ అమ్రాబాద్ పులుల అడవిలోనే వదిలారు. తెలుసుకుని మాట్లాడు.

పోరడు: తెల్వకేంది! మాది చెంచు పెంట, అడవిల గూడెం. పులులకని మమ్మల్ని బయటికి పంపిండ్రు. మా అవ్వకి సిమెంటు ఇల్లిచ్చిండ్రు, కరెంటుంది. ఏ చెట్టుకి తేనెపట్టు ఉందో ఇప్పటికీ చెప్తది. పోవాలంటే గేటుకాడ పేరు రాయించుకోవాలె. నేనిక్కడ బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌ల ఇంకో గేటుకాడ వచ్చేటోళ్ళ పేర్లు రాస్కుంటున్న. జింకకి తోవ దొరికింది. మాకేది?

నాని: గొరిల్లా సంగతి ఎక్కడికో పోయింది...

పోరడు: ఎక్కడికీ పోలే. అడవిని వదిలి జంతువుని దాస్తే ఏం లాభం అంటున్న.

వెంకట్: మిమ్మల్ని పంపింది నేను కాదు. తప్పే జరిగింది, కాదనను. అలాగని ఆ అడవి బాగుపడేదాకా ఈ జంతువు ఆగుతుందా? అప్పటికి వదలడానికి ఒక్కటైనా ఉండొద్దూ?

పోరడు: ఇన్నేండ్ల సంది వదిలినయి ఎన్ని? అది చెప్పు.

వెంకట్: గొరిల్లాల్లో బాగా తక్కువ. ఒప్పుకుంటా.

శీను: ఇంతకీ మైసూరుకి ఆడది ఎప్పుడొస్తుంది?