పాత డీజిల్ కారు ఇన్‌టేక్ పైపులో ఆయిల్: టర్బో మార్చాల్సిందేనా?

కాకినాడ_డీజిల్
నాది 2011 మోడల్ 1.3 లీటర్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. ఎయిర్ ఫిల్టర్ మారుస్తుంటే, ఫిల్టర్ డబ్బా నుంచి టర్బోకి (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే ఫ్యాన్) వెళ్లే రబ్బరు పైపు లోపల ఆయిల్ కనిపించింది. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కింద హోస్ విప్పితే రెండు మూడు చెంచాల ఆయిల్ కారింది. పికప్ బాగానే ఉంది, పొగ లేదు. మెకానిక్ మాత్రం "టర్బో సీలు పోయింది, రీకండిషన్‌కి 25 వేలు అవుతుంది" అన్నాడు. బండికి 15 ఏళ్లు నిండుతున్నాయి, ఆర్సీ రెన్యూవల్ ఖర్చు కూడా ముందుంది. ఇప్పుడు టర్బో మీద అంత డబ్బు పెట్టాలా?

నల్గొండ_హైవే
ఆలోచించకుండా చేయించండి. ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ నిండితే డీజిల్ ఇంజిన్ ఆ ఆయిల్‌నే మండించుకుని దానంతట అదే రేజ్ అయిపోతుంది. తాళం తీసేసినా ఆగదు. ఇంజిన్ పోవడం కంటే 25 వేలు పోవడం నయం.

ఆటోనగర్_సీనియర్
హైవే గారూ, మీరు చెప్పిన ప్రమాదం నిజమే. కానీ ఆ ఆయిల్ టర్బోదేనని ఎవరు తేల్చారు? పైపులో ఆయిల్ కనపడగానే టర్బో దించేయడం మన గ్యారేజీల్లో అలవాటైపోయింది. కొత్త టర్బో వేశాక కూడా హోస్ తడిగానే ఉన్న బండ్లు నా దగ్గరకు చాలా వచ్చాయి. డబ్బు పోగొట్టుకున్న మనిషి ముఖం చూడటం నాకు కష్టంగా ఉంటుంది. అందుకే ఇంత రాస్తున్నాను.

ముందు ఆయిల్ ఎక్కడ మొదలైందో చూడాలి. మండిన గ్యాస్ కొంత పిస్టన్ రింగులు దాటి ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్‌లోకి దిగుతుంది. మనం బ్యాక్ కంప్రెషన్ అనేది దాన్నే. ఆ గ్యాస్ ఆయిల్ తుంపరను వెంటేసుకుని బ్రీదర్ పైపు గుండా టర్బోకి ముందున్న రబ్బరు పైపులోకే వస్తుంది. మధ్యలో ఆయిల్‌ను వేరు చేసే సెపరేటర్ ఉంటుంది. అది మూసుకుపోయినా, డిప్‌స్టిక్ గీత దాటి ఆయిల్ పోసినా తుంపర ఎక్కువవుతుంది. బండి నడుస్తున్నప్పుడు గాలి టర్బో వైపు పోతుంది కాబట్టి, టర్బో సీలు నుంచి కారిన ఆయిల్ ఆ గాలికి ఎదురుగా వెనక్కి రావడం అరుదు. తమ్ముడు చెప్పింది టర్బోకి ముందున్న పైపు తడి. అందుకే నా అనుమానం బ్రీదర్ మీద.

టర్బోను కూడా వదలొద్దు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక పైపు ఊడదీసి ఫ్యాన్ మధ్య షాఫ్టును వేళ్లతో పట్టుకుని కదపండి. పక్కలకు కొంచెం కదలడం మామూలే, ఆయిల్ ప్రెషర్ లేనప్పుడు ఆ బేరింగ్ అలాగే ఉంటుంది. ముందుకూ వెనక్కూ కదలిక చేతికి తెలిస్తే మాత్రం మంచిది కాదు. రెక్కలు గోడకు రాసుకున్న గీతలుంటే ఇక చర్చ అక్కర్లేదు, టర్బో మార్చాల్సిందే.

స్పానర్_సెట్టు
బ్రీదర్ నుంచి అంత ఆయిల్ వస్తోందంటే రింగులు అరిగినట్టే కదా అన్నా? బండి స్టార్టింగ్‌లో ఉంచి ఆయిల్ పోసే మూత వదులు చేస్తే తెలిసిపోతుంది. మూత ఎగిరెగిరి పడితే ఇంజిన్ బోరుకొచ్చినట్టు, అంటే సిలిండర్లు అరిగినట్టు లెక్క. అప్పుడు టర్బో, బ్రీదర్ అని తిరగడం వృథా, అమ్మేయడమే మంచిది.

ఆటోనగర్_సీనియర్
మూత ఒక్కటి చూసి ఇంజిన్ దించమని నేను ఎవరికీ చెప్పను. డీజిల్‌లో ఆ మూత దగ్గర కొంత గ్యాస్ ఎప్పుడూ వస్తుంది. సెపరేటర్ మూసుకుపోతే మంచి ఇంజిన్‌లో కూడా ప్రెషర్ పెరిగి మూత ఆడుతుంది. బ్రీదర్ దారి శుభ్రం చేశాక కూడా గ్యాస్ దబదబా కొడుతుంటే, ఆయిల్ తాగుతుంటే, అప్పుడు కంప్రెషన్ చూపించాలి.

నల్గొండ_హైవే
సరే, ముందున్న పైపు తడి బ్రీదర్‌దే అనుకుందాం. ఇంటర్‌కూలర్‌లో ఆయిల్ సంగతేంటి? అది టర్బో దాటాక ఉండేది కదా.

ఆటోనగర్_సీనియర్
మంచి ప్రశ్న. బ్రీదర్ ఆయిల్ టర్బో గుండానే పోయి ఇంటర్‌కూలర్ అడుగున చేరుతుంది, ఎందుకంటే అక్కడ అదే పల్లం. కాబట్టి ఇంటర్‌కూలర్ తడి చూసి రెండింటిలో ఏదీ తేల్చలేం. ఇంకో మాట. టర్బో లోపల ఉండే సీళ్లు రబ్బరువి కావు, చిన్న పిస్టన్ రింగుల్లాంటివి. ఆయిల్ పైనుంచి ప్రెషర్‌తో వచ్చి కిందికి తన బరువుతోనే దిగాలి. ఆ డ్రెయిన్ పైపులో మడ్డి పేరుకున్నా, కింద ఛాంబర్‌లో ప్రెషర్ ఎక్కువైనా ఆయిల్ దిగదు, పక్కకు తోసుకొస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే పీల్పు పెరిగి ఆయిల్‌ను ఇంకా లాగుతుంది. కారణం సరిచేయకుండా 25 వేల టర్బో వేస్తే అది కూడా కారుతుంది.

తేల్చే పద్ధతి ఇది. హోసులు, ఇంటర్‌కూలర్ విప్పి కడిగి పూర్తిగా ఆరబెట్టండి. బ్రీదర్ పైపును ఇన్‌టేక్ నుంచి తీసి, గాలి ఆడే సీసాలోకి పెట్టి, బెల్టుకూ టర్బో వేడికీ దూరంగా గట్టిగా కట్టండి. ఇన్‌టేక్ వైపు రంధ్రం తప్పకుండా మూసేయాలి, లేదంటే దుమ్ము నేరుగా టర్బోలోకి పోతుంది. బ్రీదర్‌ను మాత్రం ఎప్పుడూ మూయొద్దు, ఆయిల్ సీళ్లు బయటికి తోసుకొస్తాయి. కొన్ని రోజులు నడిపి మళ్లీ విప్పి చూడండి. హోసులు పొడిగా ఉండి సీసాలో ఆయిల్ చేరితే బ్రీదర్. ముందు పైపు పొడిగా ఉండి టర్బో అవతల తడి వస్తే టర్బో, లేదా దాని డ్రెయిన్.

విశాఖ_ఘాట్
ఈలోపు బండి రేజ్ అయితే ఏం చేయాలో అందరూ తెలుసుకోవాలి. మాన్యువల్ గేర్ బండి అయితే పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలేసి ఆపేయాలి. ఇన్‌టేక్ మూతికి చెయ్యి అడ్డం పెట్టొద్దు. అరకు ఘాట్‌కి వెళ్లే ముందు ఇంటర్‌కూలర్ అడుగు ఒకసారి చూసుకోవడం నా అలవాటు.

కాకినాడ_డీజిల్
సీనియర్ గారూ, చెప్పినట్టే చేశాను. షాఫ్ట్ ముందుకూ వెనక్కూ కదలడం లేదు, రెక్కలు బాగున్నాయి. సీసాలో నల్లటి ఆయిల్ చేరింది. ముందు పైపు పొడిగా ఉంది, టర్బో అవతల హోస్‌కి సన్నటి జిడ్డు మాత్రమే ఉంది. ఇప్పుడు సీసా అలాగే ఉంచేసుకోవచ్చా?

స్పానర్_సెట్టు
ఉంచేయండి, ఖర్చు లేదు. నెలకోసారి పారబోస్తే చాలు.

ఆటోనగర్_సీనియర్
అది పరీక్ష కోసమే తమ్ముడూ. బ్రీదర్ గ్యాస్, ఆయిల్ ఆవిరి నేరుగా గాలిలోకి పోతాయి. దాన్ని ఇంజిన్‌లోకే తిప్పి మండించడానికే ఆ పైపు పెట్టారు. క్యాచ్ క్యాన్ (ఆయిల్‌ను పట్టి ఉంచే డబ్బా) కావాలంటే బ్రీదర్‌కీ ఇన్‌టేక్‌కీ మధ్య బిగించండి, బయటికి వదలకండి. అంతకంటే ముందు సెపరేటర్ చూడండి. చాలా ఇంజిన్లలో అది ఇంజిన్ పైన ఉండే ట్యాపెట్ కవర్ లోపలే ఉంటుంది. కడిగితే వదలకపోతే కవర్ మొత్తం మార్చాలి. టర్బో డ్రెయిన్ పైపు కూడా అప్పుడే విప్పి చూపించండి, ఆ సన్నటి జిడ్డు పాతది కడగ్గా మిగిలిందో కొత్తగా వచ్చిందో తేలాలి. ఆయిల్ డిప్‌స్టిక్ పై గీత దాటకుండా పోయండి.

నల్గొండ_హైవే
కవర్ మార్చినా మళ్లీ తడి వస్తే టర్బో సంగతి అప్పుడు మాట్లాడదాం. నేను నా మాట మీదే ఉన్నాను, ఆ వయసు టర్బోని నమ్మి దూరప్రయాణం చేయను.