కోర్ ఎక్స్‌పాత్‌లో అన్‌టిల్ రాదని చూపడానికి ఏ ట్రీల జత వాడాలి?

నా సెటప్: కిందికి దిగే చైల్డ్ (ఒక్క మెట్టు), డిసెండెంట్ (ఎన్ని మెట్లైనా) యాక్సిస్‌లు మాత్రమే ఉన్న కోర్ ఎక్స్‌పాత్ (ఎక్స్‌ఎమ్‌ఎల్ ట్రీలలో నోడ్లను వెతికే ఎక్స్‌పాత్ భాషకి మూలమైన లాజిక్ భాగం), ఫైనైట్ ట్రీలు. "కింద ఎక్కడో ఒక బి ఉంది, అక్కడికి చేరేదాకా దారిలో నోడ్లన్నీ ఎ" అన్నదే అన్‌టిల్; అది ఇందులో రాయలేమని రుజువు చేయాలి. మార్టెన్ మార్క్స్ 2004లో ప్రతిపాదించిన కండిషనల్ ఎక్స్‌పాత్‌లో అయితే ఇది ఒక్క లైనులో వచ్చేస్తుంది.

మామూలు బైసిములేషన్‌తో (రెండు నోడ్ల లేబుళ్లు ఒకటై, ఒకదాని నుంచి వేసే ప్రతి అడుగుకీ రెండోదాని నుంచి సరిజోడు అడుగు ఉండడం) పని జరగలేదు. "ఈ నోడ్‌కి రెండు ఎ పిల్లలున్నాయా" లాంటి ప్రశ్నలనైతే రాయలేమని అది చిటికెలో తేల్చేస్తుంది గానీ, అన్‌టిల్ విషయంలో బైసిమిలర్ నోడ్లు రెండూ ఎప్పుడూ ఒకే జవాబు ఇస్తాయి కాబట్టి చేతులెత్తేసింది. అందుకని ఎన్ రౌండ్ల గేమ్‌కి (స్పాయిలర్ ఒక ట్రీలో అడుగు వేసి తేడా చూపాలని చూస్తాడు, డూప్లికేటర్ రెండోదాంట్లో అదే లేబుల్ ఉన్న నోడ్‌కి వెళ్లి జవాబివ్వాలి) వచ్చి, కొమ్మలు లేని ఒంటి గొలుసు ట్రీలతో మొదలుపెట్టాను.

మొదటి జత: ఒకదాంట్లో బోలెడు ఎ లు, చివర బి, రెండోదాంట్లో అవే, మధ్యలో ఒక సి. స్పాయిలర్ డిసెండెంట్ మీద ఒక్క గెంతులో సి మీదికి వెళ్తే ఆట అయిపోయింది. సరే అని ఒకదాంట్లో ఎ లు, బి, ఎ లు, సి అనీ, రెండోదాంట్లో బి, సి లను అటూ ఇటూ మార్చీ చూశాను. ఈసారి రెండు గెంతులు: రెండోదాంట్లో సి, దాని కింద బి. మొదటిదాంట్లో సి కింద ఏమీ లేదు కదా! చైల్డ్ అడుగులతో టెన్షన్ లేదు, ఎ ల వరస ఎన్ కంటే పొడవుంటే చాలు. ఈ డిసెండెంట్ గెంతే కొంప ముంచుతోంది.

ప్రతి ఎన్‌కీ, రెండు యాక్సిస్‌లతోనూ డూప్లికేటర్ ఎన్ రౌండ్లు నిలబడగలిగే ట్రీల జత ఎలా కట్టాలి?