పచ్చళ్ల స్టాకు బయటి గోడౌన్‌కి అప్పగించాలా? రేటు చూడాలా, ఒప్పందం చూడాలా?

కృష్ణలంక పచ్చళ్లు:
నమస్కారమండీ. విజయవాడలో ఆరేళ్లుగా పచ్చళ్లు, పొడులు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. రోజుకు అరవై, డెబ్బై పార్సిళ్లు వెళ్తాయి. ప్యాకింగ్‌కి నలుగురున్నా ఆవకాయ సీజన్‌లో రాత్రి పదకొండైనా పని తెమలదు. ఆర్డర్లలో సగానికి పైగా హైదరాబాద్ నుంచే. అక్కడ గోడౌన్ ఉన్న లాజిస్టిక్స్ కంపెనీకి స్టాకు ఇచ్చేస్తే నిల్వ, ప్యాకింగ్, డెలివరీ అన్నీ వాళ్లే చూసుకుంటారని ఇద్దరి దగ్గర కొటేషన్ తీసుకున్నాం. కిలో పార్సిల్‌కి అన్నీ కలిపి ఒకరు 84 రూపాయలన్నారు, ఇంకొకరు 97. నెలకు పాతిక వేల తేడా. మా వారు తక్కువ రేటువాళ్లకే ఇద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, అలాగని కారణమూ చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు?

గుంటూరు కారప్పొడి:
మీ వారు చెప్పిందే నిజం అక్కా. మనకి కిలోకి మిగిలేదే కొంచెం, అందులో 13 రూపాయలు పోతే ఇక ఏం మిగులుతుంది? పైగా ఈ గోడౌన్‌వాళ్లు డెలివరీని మళ్లీ ఆ నాలుగైదు పెద్ద కొరియర్లకే ఇస్తారు. ఎవరికిచ్చినా చివరికి తలుపు కొట్టేది అదే కుర్రాడు. అలాంటప్పుడు ఎక్కువ ఇవ్వడం ఎందుకు?

చీరాల చేనేత:
తమ్ముడూ, మూడేళ్ల క్రితం నేనూ అచ్చం ఇలాగే లెక్క వేసుకున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మేం చీరలు అమ్ముతాం. రేటు తక్కువని ఒక కంపెనీకి స్టాకంతా ఇచ్చాను. మొదటి రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెల బిల్లు చూస్తే నేను వేసుకున్న అంచనాకి రెట్టింపుంది. మా గిఫ్ట్ పెట్టె 40×30×10 సెంటీమీటర్లు. తేలికైన పెద్ద పెట్టెకి వీళ్లు అసలు బరువు కాకుండా పెట్టె సైజుని బట్టి బరువు లెక్కేస్తారు. కొలతలు గుణించి 5000తో భాగిస్తే 2.4 కిలోలు. లోపల చీర, పెట్టె కలిపినా ముప్పావు కిలో లేదు, కానీ బిల్లు వేసింది 2.4 కిలోలకి. కొందరు 4000తో భాగిస్తారు, అప్పుడు అదే పెట్టె 3 కిలోలవుతుంది. రేట్ కార్డులో ఈ ముక్క కింద చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదవలేదు. అక్కా, సీసా పగలకూడదని మీరు పెట్టె ఎంత పెద్దది వాడితే మీ 84 రూపాయలు అంత పెరుగుతాయి. కొటేషన్ కిలోకి కాదు, మీ పెట్టె కొలతలకి అడగండి.

బిల్లు మీద తగాదా పెట్టుకున్నాను. డబ్బు కట్టేదాకా స్టాకు కదలదన్నారు. దసరాకి పదిహేను రోజుల ముందు 340 చీరలు వాళ్ల గోడౌన్‌లో ఇరుక్కుపోయాయి. రాత్రుళ్లు నిద్ర లేదు. లాయరు దగ్గరికి వెళ్తే ఆయన చెప్పింది ఇదీ: 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 171వ సెక్షన్ ప్రకారం పాత బాకీలన్నిటికీ కలిపి సరుకు ఆపుకునే హక్కు బ్యాంకుల్లాంటి కొందరికే ఉంటుంది. మిగతావాళ్లకి ఆ హక్కు రావాలంటే ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉండాలి. మా ఒప్పందంలో రాసి ఉంది, కింద నా సంతకమూ ఉంది. డబ్బు కట్టి తెచ్చుకున్నాను. చీరలొచ్చేసరికి పండగ అయిపోయింది.

అందుకే నేనడిగేది ఒక్కటే. సరుకు పాడైనా, పోయినా, తగాదా వచ్చినా ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? ఆ జవాబు కాగితం మీద తేలాకే రేటు సంగతి చూడాలి.

గోడౌన్ మనిషి:
ఎనిమిదేళ్లుగా ఇలాంటి గోడౌన్‌లోనే సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. కారప్పొడి అన్న చెప్పినట్టు డెలివరీ కుర్రాడు అందరికీ ఒకడే. కానీ పచ్చడి పాడయ్యేది దారిలో మాత్రమే కాదండీ. పాత బ్యాచ్ వెనక ర్యాకులో ఉండిపోయి కొత్తది ముందు వెళ్లిపోతే రెండు నెలల తర్వాత ఆ నష్టం మీదే. గడువు ముందు తీరేది ముందు పంపేలా వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో బ్యాచ్ నంబరు ఎక్కిస్తారో లేదో దగ్గరుండి చూడండి.

ఇంకో మాట. రోజుకు వేల పార్సిళ్లున్న క్లయింట్ ఉన్నచోట మీ డెబ్బై పార్సిళ్లు పండగ సేల్ రోజుల్లో మూలన పడతాయి. కావాలని కాదు, మనుషులు చాలరు. వాళ్ల దగ్గర మీ అంత చిన్నవాళ్లు ఇంకెవరున్నారో అడిగి, వాళ్లతో మాట్లాడండి. గోడౌన్‌కి మే నెలలో మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. రేకుల షెడ్డు కింద ఒక్క పది నిమిషాలు నిలబడితే మీ నూనె పౌచ్‌ల గతేమిటో మీకే తెలుస్తుంది.

లెక్కల పని:
రేటులో ఎవరూ కలపని ఖర్చొకటి ఉంది. గోడౌన్ తెలంగాణలో, మీరు ఆంధ్రాలో. అక్కడ స్టాకు పెట్టి అమ్మాలంటే తెలంగాణలో విడిగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. మీ సరుకు మీ గోడౌన్‌కే పంపుతున్నా ఇన్‌వాయిస్ రాసి ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే సరుకు మీద పడే జీఎస్టీ, కట్టాలి. తర్వాత అమ్మకం మీద కట్టే పన్నులో అది తగ్గించుకునే క్రెడిట్ వస్తుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు ఆగినట్టే. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు, అంటే రవాణాకి ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం, ఉండాలి. రెండు రాష్ట్రాల రిటర్నులకి ఆడిటరు ఫీజూ పెరుగుతుంది. గోడౌన్‌కి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు ఉందో లేదో కాపీ తెప్పించుకుని చూడండి. బట్టలు, ఫోన్లు పెట్టుకునేవాళ్లకి అది ఉండకపోవచ్చు.

గుంటూరు కారప్పొడి:
లెక్కల పని గారు చెప్పాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. పార్సిల్ రేటొక్కటే చూడటం తప్పే. అయితే ఇన్ని చిక్కులున్నప్పుడు అసలు బయటికివ్వడం ఎందుకు? విజయవాడ నుంచి హైదరాబాద్ 275 కిలోమీటర్లు. సాయంత్రం లోడు ఎక్కిస్తే తెల్లారేసరికి అక్కడుంటుంది. ప్యాకింగ్ మన దగ్గరే ఉంచుకుని డెలివరీ మాత్రం కొరియర్‌కి ఇస్తే సరిపోదా? ఆ పాతిక వేలతో ఇంకో ఇద్దరిని పెట్టుకోవచ్చు.

చీరాల చేనేత:
మామూలు నెలల్లో నీ మాటే సరి. సీజన్‌లో ఆ ఇద్దరు దొరకడమే కష్టం. దొరికినా పని నేర్చుకునేసరికి సీజన్ అయిపోతుంది. బయటికి ఇవ్వొద్దని నేననడం లేదు. ఇప్పుడు నేనూ ఇంకో కంపెనీకి ఇస్తున్నాను, రేటు ఎక్కువే. కానీ నోటీసు ఇచ్చిన వారంలో తగాదా లేని స్టాకంతా వెనక్కి ఇవ్వాలని రాయించుకున్నాను. మొత్తం స్టాకు ఎప్పుడూ పెట్టను, మూడో వంతు ఇంట్లోనే.

కృష్ణలంక పచ్చళ్లు:
అందరికీ ధన్యవాదాలండీ. మీరు రాసినవన్నీ కాగితం మీద పెట్టుకుని ఇద్దరికీ ఫోన్ చేశాను. మా పెట్టె 30×25×20 అని చెప్తే 84 అన్నవాళ్లు మూడు కిలోల స్లాబు కిందికి వస్తుందన్నారు. స్టాకు ఆపుకునే షరతు తీసేయమంటే కంపెనీ ఫార్మాట్ మార్చడం కుదరదన్నారు. 97 వాళ్లు ఆ షరతుని ఆ నెల బిల్లు వరకే పరిమితం చేస్తామన్నారు, సీసా పగిలితే తయారీ ఖర్చు ఇస్తామన్నారు కానీ అమ్మకం ధర ఇవ్వరట. ఎఫ్ఎస్ఎస్ఏఐ కాపీ ఇంకా పంపలేదు. గురువారం నేనూ మా వారూ గోడౌన్ చూడటానికి వెళ్తున్నాం, మధ్యాహ్నం రెండింటికే. ముందు పొడులు మాత్రమే ఇద్దామనుకుంటున్నాం. ఆవకాయ ఈ ఏడాదికి ఇక్కడి నుంచే వెళ్తుంది.