మోర్వాఁ అడవుల్లో మౌంటెన్ బైకింగ్: టైర్లు, బ్రేకులు, బురద సంగతులు

గుట్టదారి:
అక్టోబరు రెండో వారంలో ఇద్దరం ఫ్రాన్స్‌లోని మోర్వాఁ కొండల్లో మూడు రోజులు తొక్కుదామనుకుంటున్నాం. అవలోఁ స్టేషన్లో దిగి దక్షిణంగా సెతోఁ చెరువు, ఓ-ఫొలాఁ శిఖరం, బ్యూవ్రే కొండ, చివరికి ఎతాఁ-సుర్-అరూలో రైలు. అద్దె బైకులు: 29 అంగుళాల హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేనిది), ముందు 120 మి.మీ. ఫోర్కు. ఒక్కొక్కరం 75 కిలోలు, వీపు సంచి 5 కిలోలు. హైదరాబాద్ చుట్టుపక్కల రాళ్ల దారులు అలవాటే. టైర్లలో గాలి ఎంత ఉంచాలి, వెంట ఏ విడిభాగాలు ఉండాలి, ఎక్కడ ఇబ్బంది వస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

నేలవాసన:
గుట్టదారి గారూ, ముందు నేల సంగతి. వెజ్‌లే (అవలోఁకు పడమటి కొండ ఊరు) వైపు బంకమన్ను కలిసిన సున్నపురాయి. అవలోఁకు తూర్పున తెర్-ప్లెన్ మైదానంలో జిగట బంకమన్ను. అవలోఁ దాటి కూజాఁ లోయలోకి దిగారంటే గ్రానైటు. ఒకే వాన ఈ నేలల మీద వేర్వేరుగా పనిచేస్తుంది.

బంకమన్ను తడిస్తే టైరుకు చుట్టుకుని ఫోర్కు సందులోనూ వెనక ఫ్రేము సందులోనూ మేట వేస్తుంది. చక్రం బిగుసుకుపోతుంది. అప్పుడు బలవంతంగా తొక్కితే డిరేల్యూరు (వెనక గేర్లు మార్చే భాగం) మెలి తిరిగి చువ్వల్లో పడుతుంది. దిగండి, పుల్లతో మట్టి గీకేయండి, గట్టు మీద గడ్డిలో నడిపించుకుపోండి. వెజ్‌లే చూడాలనుంటే ఎండున్న రోజుకే పెట్టుకోండి.

గ్రానైటు నేలది వేరే తీరు. రాయి చివికి గరుకు ఇసుకవుతుంది. వాన వెలిస్తే నీరు త్వరగా ఇంకిపోతుంది, టైరుకు అంటదు. కానీ ఆ ఇసుకే నీళ్లతో కలిసి బ్రేకు ప్యాడ్లను ఆకురాయిలా అరగదీస్తుంది.

ఇంకొకటి. మన దక్కను గ్రానైటు ఎండలో కాగి టైరును గట్టిగా పట్టుకుంటుంది. ఇక్కడిది చెట్ల నీడలో నాచు పట్టి ఉంటుంది. అదే రాయి కదా అని వాలు బండ మీద బ్రేకు నొక్కితే చక్రం జారిపోతుంది. బండకు ముందే వేగం తగ్గించుకుని, బండ మీద బ్రేకు వదిలేసి నిటారుగా దాటండి.

గాలి విషయం: 2.35 టైరు, ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేనిది) అయితే ముందు 21–22 పీఎస్‌ఐ, వెనక 24–25. లోపల ట్యూబు ఉంటే ముందు 27, వెనక 30. అంతకన్నా తగ్గిస్తే రాతి అంచు తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. వేలితో నొక్కి అంచనా వేయొద్దు, చిన్న గేజి దగ్గరుంచుకోండి.

కుడిబ్రేకు:
అందరూ మరిచిపోయేది నేను చెప్తా. మన దగ్గర కుడి లివరు ముందు చక్రానికి. ఫ్రాన్స్‌లో ఎడమ లివరే ముందు బ్రేకు. అలవాటుగా వెనక బ్రేకు అనుకుని ఎడమది గట్టిగా నొక్కితే దిగుడులో హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతారు. షాపులోనే ముందు చక్రం పైకెత్తి తిప్పి, ఏ లివరు ఆపుతోందో చూడండి. తర్వాత ఖాళీ స్థలంలో పావుగంట సేపు మెల్లగా వెళుతూ ఆపడం సాధన చేయండి. వీలైతే బైకు బుక్ చేసేటప్పుడే లివర్లు మార్చి ఇమ్మని అడగండి. హైడ్రాలిక్ పైపులు విప్పి మార్చాల్సిన పని కాబట్టి అప్పటికప్పుడు చేయమంటే కుదరకపోవచ్చు.

ప్యాడ్లు: అద్దె బైకులకు చాలావరకు రెజిన్ ప్యాడ్లే ఉంటాయి. మోర్వాఁ తడి ఇసుకలో రెండు రోజుల వానకే అరిగిపోగలవు. కాబట్టి ఒక్కో చక్రానికి ఒక జత అదనంగా ఉండాలి. లోహపు ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి, కానీ డిస్కు మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని చెక్కి ఉంటే వేయకూడదు, డిస్కు పాడవుతుంది.

మార్చే పద్ధతి: చక్రం తీయండి. పాత ప్యాడ్లు లోపల ఉండగానే వాటి మధ్య ప్లాస్టిక్ టైరు లివరు దూర్చి పిస్టన్లను మెల్లగా వెనక్కి నెట్టండి. తర్వాతే పిన్ను తీసి పాతవి లాగండి. ముందే తీసేసి నెడితే పిస్టను పగలొచ్చు. చక్రం బయట ఉండగా పొరపాటున కూడా బ్రేకు లివరు ముట్టుకోవద్దు. కొత్తవి పెట్టాక 20 కి.మీ. వేగం నుంచి నడక వేగానికి, పూర్తిగా ఆగకుండా, 20 సార్లు తగ్గించండి. ఇది చేయకుండా పెద్ద దిగుడు దిగితే బ్రేకు కీచుమంటుంది గానీ పట్టదు.

చైన్‌లింకు:
కుడిబ్రేకు గారు చెప్పినవి చాలా ముఖ్యం. నాది డిరేల్యూరు గోల. మోర్వాఁ అంటే కలప సీమ. ఒకప్పుడు ఇక్కడి కట్టెలు నదుల్లో తేలుతూ పారిస్ పొయ్యిల్లోకి వెళ్లేవి. 1861లో పూర్తయిన సెతోఁ ఆనకట్ట కట్టిందే ఆ కట్టెలు తేల్చడానికి నీళ్లు నిలవ చేయడం కోసం. ఇప్పుడు డగ్లస్ ఫర్ తోటలు నరికి లారీల్లో తోలుతున్నారు. ఆ యంత్రాల చక్రాలు మోకాలి లోతు గాడులు చేసి, దారి నిండా కొమ్మలు వదిలేస్తాయి. అక్టోబరులో వాటి మీద బీచ్ ఆకులు పరుచుకుంటాయి, కింద ఏముందో కనపడదు.

వెనక చక్రంలో పుల్ల టకటకమన్న క్షణమే తొక్కడం ఆపేయండి. ఇంకొక్క చుట్టు తొక్కారంటే హ్యాంగరు (డిరేల్యూరును ఫ్రేముకు పట్టే ముక్క) వంగినట్టే. ఆగి, పెడలు అరచుట్టు వెనక్కి తిప్పి, పుల్లను వెనక్కి లాగండి. తర్వాత బైకు వెనక నిలబడి ఒక కన్ను మూసి చూడండి: డిరేల్యూరు పంజరం (గొలుసును నడిపే కింది భాగం), పళ్లచక్రం ఒకే గీతలో ఉండాలి. కింది భాగం చువ్వల వైపు వంగి ఉంటే అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రానికి గేరు వేయొద్దు, పంజరం చువ్వల్లోకి వెళ్లి చక్రమే పోతుంది.

హ్యాంగరు ఫ్రేమును బట్టి మారుతుంది. ఊళ్లో సైకిల్ షాపు ఉన్నా మీ నమూనా దొరుకుతుందని నమ్మకం లేదు. బైకు తీసుకునేటప్పుడే ఒకటి అడిగి తీసుకోండి. దాంతోపాటు 12 స్పీడు గొలుసుకు సరిపోయే క్విక్ లింకులు (తెగిన గొలుసు కలిపేవి) 2, చైన్ టూలు, 4, 5, 6 అలెన్ కీలు, టీ25 నక్షత్రపు కీ. ఎత్తులకు ముందు 30 పళ్ల పళ్లచక్రం, వెనక 51 పళ్ల దాకా ఉంటే హాయి. శిఖరం ఓ-ఫొలాఁ 901 మీటర్లే. అయినా దారి నదీలోయల్లోకి దిగి మళ్లీ ఎక్కుతూనే ఉంటుంది. 40 కి.మీ.కు 800–1000 మీటర్ల ఎక్కుడు లెక్క వేసుకోండి. గంటకు సగటున 10 కి.మీ. వస్తే బాగా వెళుతున్నట్టే.

గుట్టదారి:
అందరికీ థ్యాంక్స్. బ్రేకు సంగతి అసలు తెలియదు, ఇవాళే షాపుకు రాస్తా. ట్యూబ్‌లెస్‌లో పెద్ద కోత పడితే ఏం చేయాలి? తిండి, నీళ్లు, వేటగాళ్ల గురించి కూడా చెప్పగలరా?

నేలవాసన:
కోత 3–4 మి.మీ. అయితే ప్లగ్గు (చిల్లులో కూరే రబ్బరు పట్టీ). కొంచెం పెద్దదైతే రెండు ప్లగ్గులు పక్కపక్కనే. పక్కగోడ చీలితే ప్లగ్గు ఆగదు. పాత టైరు ముక్క (4 × 6 సెం.మీ. చాలు) లోపలి నుంచి ఆనించి ట్యూబు వేయాలి. ట్యూబు వేసే ముందు టైరు లోపల చుట్టూ గుడ్డతో తడిమి చూడండి. శరదృతువులో ట్రాక్టర్లు కంచెలు కత్తిరిస్తాయి, ముళ్లు దారిలో రాలతాయి. ట్యూబ్‌లెస్ టైరులో ఐదారు ముళ్లు ఉన్నా సీలెంటు (లోపల పోసే, చిల్లులు మూసే ద్రవం) కప్పేస్తుంది, మీకు తెలియదు. కొత్త ట్యూబును మాత్రం అవి నిమిషంలో పొడుస్తాయి. సీలెంటు టైరుకు 100–120 మి.లీ. ఉండాలి. అద్దె బైకులో ఎండిపోయిందేమో, చెవి దగ్గర ఊపి చప్పుడు వినండి.

పొద్దుతిరుగుడు:
నీళ్లకు ఊరి శ్మశానం దగ్గరి కుళాయి మంచి ఆధారం. ‘ఓ నాఁ పొటాబ్ల్’ అని రాసి ఉంటే తాగకూడదు. మోర్వాఁ పల్లెల్లో దుకాణాలు తక్కువ. చాలా చోట్ల సోమవారం బేకరీ మూత, మధ్యాహ్నం 12:30 నుంచి రెండు మూడు గంటలు అన్నీ మూతే. రొట్టె, జున్ను ఉదయమే కొని సంచిలో వేసుకోండి. శాకాహారులైతే బస బుక్ చేసేటప్పుడే రాత్రి భోజనం సంగతి రాయండి, అక్కడికెళ్లాక చెబితే ఆమ్లెట్టే గతి.

వేట సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరి ఆఖరు దాకా ఉంటుంది. ఆదివారాలు ఎక్కువ. దారి మొదట్లో ‘షాస్ ఆఁ కూర్’ అన్న బోర్డు కనిపిస్తే లోపల తుపాకులు పేలుతున్నట్టు. వెనక్కి తిరిగి తారు రోడ్డు పట్టుకోండి. మూడు రోజులూ నారింజ రంగు జాకెట్ వేసుకోండి, నల్ల చొక్కా వద్దు.

గుర్తులు: మౌంటెన్ బైకుకు ఒక త్రికోణం, రెండు వలయాలు. తెలుపు-ఎరుపు గీతలు నడిచేవాళ్ల జీఆర్ దారివి, వాటి వెంట పోతే మెట్లు, కంచెలు దాటాల్సి రావచ్చు. అవలోఁ నుంచి అగ్ద్ దగ్గరి సముద్రం దాకా వెళ్లే బైకు దారి జీటీఎమ్‌సీకీ త్రికోణం, వలయాల గుర్తులే. జీపీఎక్స్ (దారి పటం ఫైలు) ఫోనులో ముందే దించుకోండి, లోయల్లో సిగ్నలు ఉండదు. తెల్లటి షారోలే ఆవుల పొలాల్లో గేటు ఎలా ఉందో అలాగే ఉంచి వెళ్లండి.

కుడిబ్రేకు:
బ్యూవ్రే కొండ మీద (821 మీటర్లు, ప్రాచీన ఫ్రాన్స్‌లోని గాల్ జాతివాళ్ల బిబ్రాక్త్ పట్టణం ఉన్న చోటు) మెలితిరిగిన ముసలి బీచ్ చెట్లుంటాయి. ఒకప్పటి కంచె మొక్కలే పెరిగి ఇలా చెట్లయ్యాయి. వేళ్లు దారికి అడ్డంగా పాకి ఉంటాయి, తడిస్తే సబ్బులాగా జారతాయి. వాటిని లంబకోణంలో దాటాలి, వాటి వెంబడి పోతే పడతారు. పురావస్తు తవ్వకాల చోటు కాబట్టి గుర్తున్న దారి వదలొద్దు.

పొద్దుతిరుగుడు:
సాయంత్రం మోకాలి వెనక, నడుము, చంకలు చూసుకోండి, గోమార్లు పడతాయి. లైమ్ జబ్బు వీటితోనే వస్తుంది. నూనె, నిప్పు పెట్టకుండా, కొక్కెంలాంటి చిన్న పరికరంతో చర్మానికి ఆనించి మెల్లగా తిప్పి తీయాలి. మందుల షాపులో దొరుకుతుంది. కుట్టిన చోటు చుట్టూ ఎర్ర వలయం పెరిగితే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రమాదానికి 112.

చైన్‌లింకు:
రైలు ఎక్కే ముందు: ఎతాఁ-సుర్-అరూ నుంచి టీఈఆర్ (ప్రాంతీయ) రైల్లో బైకు అలాగే ఎక్కించొచ్చు, చోటు తక్కువ కాబట్టి ముందు రైలుకే రండి. మధ్యలో టీజీవీకి (హైస్పీడ్ రైలు) మారితే బైకు విప్పి 130 × 90 సెం.మీ. మించని సంచిలో పెట్టాల్సి రావచ్చు. బురద కడగడానికి ఒత్తిడి నీటి పైపు దొరికితే హబ్బులకు, ఫోర్కు సీళ్లకు గురిపెట్టి కొట్టొద్దు, గ్రీజు పోయి బేరింగులు తుప్పు పడతాయి. బక్కెట్టు, బ్రష్షు చాలు.

గుట్టదారి:
హ్యాంగరు, నాలుగు జతల ప్యాడ్లు, గేజి, టైరు ముక్క జాబితాలో రాసుకున్నా. వెజ్‌లే మూడు రోజుల్లో ఎండున్న రోజు వస్తేనే.