కార్బ్యురేటర్ మార్చాక గేర్ జారుతోంది: డాడ్జ్ డార్ట్ కిక్‌డౌన్ లింకేజ్

ప్రశ్న:
నమస్కారం అన్నా. టెక్సస్‌లో ఉంటాను. నాది 1969 డాడ్జ్ డార్ట్, 225 స్లాంట్ సిక్స్ ఇంజిన్, క్రైస్లర్ వాళ్ళ టార్క్‌ఫ్లైట్ 904 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. పోయిన నెల కార్బ్యురేటర్ మార్పించాను. అప్పటి నుంచి పెడల్ సగం తొక్కినా ఇరవై మైళ్ళ వేగం దాటకముందే మూడో గేర్ పడిపోతోంది. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారి గట్టిగా అరుస్తుంది, ఆ తర్వాతే గేర్ పట్టుకుంటుంది. నలభైలో పెడల్ పూర్తిగా నొక్కినా గేర్ దిగదు. బానెట్ ఎత్తి చూస్తే గేర్‌బాక్స్ నుంచి వచ్చే రాడ్‌ని తీగతో పక్కకి కట్టేసి ఉంచారు. “అది కిక్‌డౌన్‌కే (పెడల్ పూర్తిగా నొక్కితే గేర్ దిగడానికే), ఓవర్‌టేక్ చేసేటప్పుడు తప్ప అక్కర్లేదు” అన్నాడు మెకానిక్. ఆదివారం హైవే మీద వంద మైళ్ళు వెళ్ళాలి. వెళ్ళొచ్చా?

జవాబు:
వద్దు తమ్ముడూ, ఆ రాడ్ తగిలించేదాకా బండి తీయకండి. కిక్‌డౌన్ అన్న పేరే అందరినీ తప్పుదారి పట్టిస్తుంది. టార్క్‌ఫ్లైట్‌లో మీరు పెడల్ ఎంత తొక్కారో గేర్‌బాక్స్‌కి తెలిసేది ఆ రాడ్ ద్వారానే. దాన్ని బట్టే లోపల ఆయిల్ ప్రెషర్ పెరుగుతుంది, క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేది ఆ ప్రెషరే. రాడ్ ఊడితే మీరు ఎంత తొక్కినా గేర్‌బాక్స్ మాత్రం పెడల్ మీద కాలు లేదనే అనుకుంటుంది. ఇంజిన్ అరిచిందన్నారే, ఆ క్షణంలో ప్లేట్లు జారి అరుగుతున్నాయి. ఇలాగే నడిపి 904 కాల్చుకున్న బండిని నేను విప్పాను. గేర్‌బాక్స్ ఆయిల్ పాన్ దించితే మాడు వాసన, అడుగున నల్లటి మడ్డి. ఎంత బాధేసిందో చెప్పలేను.

ఇంకొకరు:
నా 1966 ముస్టాంగ్‌లో ఆ రాడ్ లేకుండానే మూడేళ్ళు తిరిగాను. ఏమీ కాలేదే?

జవాబు:
మీది ఫోర్డ్ సీ4 గేర్‌బాక్స్ అండీ. అందులో ప్రెషర్ సంగతి వాక్యూమ్ మాడ్యులేటర్ (ఇంజిన్ పీల్పుని బట్టి పనిచేసే భాగం) చూసుకుంటుంది, రాడ్ నిజంగానే కిక్‌డౌన్‌కి మాత్రమే. జీఎం వాళ్ళ టీహెచ్350 గేర్‌బాక్స్ కేబుల్ కూడా అంతే. వాళ్ళదే 700ఆర్4 గేర్‌బాక్స్ కేబుల్ మాత్రం టార్క్‌ఫ్లైట్ రాడ్ లాంటిదే, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక బండికి చెప్పిన సలహా ఇంకో బండికి వాడితేనే ఈ అనర్థాలన్నీ.

ఇక డార్ట్ సంగతి. ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, చోక్ పూర్తిగా తెరుచుకుందా, ఫాస్ట్ ఐడిల్ క్యామ్ (చల్లగా ఉన్నప్పుడు ఇంజిన్ వేగం పెంచి ఉంచే ముక్క) మీద నుంచి స్క్రూ దిగిందా చూడండి. ఐడిల్ స్పీడ్ (పెడల్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) ముందే సరిచేసుకోవాలి, తర్వాత మారిస్తే లింకేజ్ (ఆ రాడ్ అమరిక) మళ్ళీ మొదటికొస్తుంది. ఇంజిన్ ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, జాక్ స్టాండ్ల మీద నిలిపాకే కిందికి దూరండి. సైలెన్సర్ పైపు కాలుతుంది, జాగ్రత్త.

గేర్‌బాక్స్ ఎడమ పక్కన ఒకే ఇరుసు మీద రెండు లివర్లుంటాయి. సెలెక్టర్‌కి వెళ్ళేదాన్ని ముట్టుకోకండి. రెండోదాన్ని వేలితో వెనక్కి లాగి వదలండి, తనంతట తాను ముందుకు పోవాలి. పోకపోతే ముందు బుష్‌లు, స్ప్రింగ్ చూడండి, అలా బిగుసుకున్న లింకేజ్‌ని సెట్ చేసి లాభం లేదు. సరిగ్గా తిరుగుతుంటే లివర్‌ని ముందువైపు స్టాప్‌కి ఆనేలా పట్టుకోమని ఒకరికి చెప్పండి. పైన కార్బ్యురేటర్ దగ్గర రాడ్ చివర పొడుగాటి గాడి ఉంటుంది. ఆ గాడి వెనక అంచు కార్బ్యురేటర్ లివర్ పిన్నుకి అలా తగిలీ తగలనట్టు ఉండాలి, నెట్టకూడదు. అక్కడ లాక్ స్క్రూ బిగించండి.

ఇప్పుడు ఇంకొకర్ని సీట్లో కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా తొక్కించండి. కార్బ్యురేటర్ పూర్తిగా తెరుచుకోవాలి, గేర్‌బాక్స్ లివర్ దాదాపు వెనక చివరి దాకా రావాలి. ఆ లివర్ ముందే ఆగిపోయి కార్బ్యురేటర్ తెరుచుకోకపోతే కొత్త కార్బ్యురేటర్ లివర్ పొడవు పాతదానితో కలవలేదన్నమాట. అప్పుడు క్రైస్లర్ లింకేజ్‌కి సరిపోయే అడాప్టర్ వెయ్యాల్సిందే. రాడ్ వంచి సర్దొద్దు.

ప్రశ్న:
అన్నా, పనైపోయింది! బుష్ పొడిపొడిగా రాలింది, కొత్తది వేశాను. మా అబ్బాయి పెడల్ తొక్కాడు. నలభైలో గట్టిగా తొక్కితే టక్కున రెండో గేర్‌కి దిగింది. మాన్యువల్‌లో “కిక్‌డౌన్ బ్యాండ్ 72 అంగుళాల పౌండ్లు” అని ఉంది, అదీ చెయ్యాలా?

జవాబు:
చాలా సంతోషం తమ్ముడూ. అది వేరే సంగతి. గేర్‌బాక్స్ లోపల రెండో గేర్‌ని పట్టే బ్యాండ్ పేరది. స్క్రూని ఆ 72 బలంతో బిగించాక ఎన్ని చుట్లు వదలాలో మీ మోడల్ మాన్యువల్‌లోనే చూడాలి. గేర్లు సాఫీగా పడుతుంటే ఇప్పుడే దాని జోలికెళ్ళొద్దు. ముందు గేర్‌బాక్స్ ఆయిల్ చూడండి: వేడి ఇంజిన్, ఐడిల్‌లో, పార్క్‌లో కాదు, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి. డిప్‌స్టిక్ చివర తెల్లగుడ్డతో తుడవండి. ఎర్రగా ఉంటే ఆదివారం వెళ్ళిరండి. గోధుమరంగుకి తిరిగి మాడు వాసనొస్తే పాన్ దించి చూసేదాకా ఆగండి.