మూడో తరగతి లెక్కల సగటు 13 నుంచి 9.5కు పడింది. అమ్మాయిని బడి మార్పించాలా?

పెన్నగట్టు:
మాది నెల్లూరు జిల్లా కోవూరు మండలం. రైసుమిల్లులో కాటా దగ్గర పని. మా అమ్మాయి ఊళ్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. తల్లిదండ్రుల కమిటీలో నేనూ సభ్యుణ్ణి. సభ్యుణ్ణంటే మీటింగుకు వెళ్లి సంతకం పెట్టి టీ తాగి వచ్చేవాణ్ణి.

సంక్రాంతి సెలవులకు ముందు అన్ని బడులకూ ఒకే ప్రశ్నపత్రంతో పరీక్ష జరిగింది. మొన్న మీటింగులో బోర్డు మీద రెండు అంకెలు రాశారు. లెక్కల్లో 20 మార్కులకు నిరుడు సగటు 13, ఈసారి 9.5. టీచరుగారు సుద్దముక్క చేతిలోనే పట్టుకుని నిలబడిపోయారు. వెనక నుంచి ఎవరో, ప్రైవేటు బడి బస్సు మన వీధి చివరికే వస్తోందిగా అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లోనూ అదే పంచాయితీ. మా ఆవిడ టీసీ తెమ్మంటోంది.

నాకు అంకెల మీద గౌరవం ఉంది, అన్నం పెట్టేది అవే. కానీ బస్తాలో ఏముందో చూడకుండా బరువు ఒప్పుకునే అలవాటు లేదు. తరగతిలో ఉన్నదే ఎనిమిది మంది. ఈ 9.5ను ఎంతవరకు నమ్మాలి? తెలిసినవారు చెప్పండి.

పాత హెడ్మాస్టరు:
పెన్నగట్టు గారూ, ముప్పై రెండేళ్లు ఒకటి నుంచి ఐదు దాకా చెప్పి రిటైరైనవాణ్ణి. మొదట ఒక మాట అడుగుతాను. నిరుడు 13 తెచ్చుకున్న పిల్లలు ఇప్పుడు నాలుగో తరగతిలో ఉన్నారు కదా? అంటే మీ బోర్డు మీద ఉన్నవి ఇద్దరు వేర్వేరు మనుషుల బరువులు. ఒకడు చిక్కిపోయాడని ఎలా అంటాం?

రెండోది, ఎనిమిది మందిలో ఒక్కడు జ్వరంతో వచ్చి ఎనిమిది మార్కులు పోగొట్టుకుంటే సగటు ఒక మార్కు పడిపోతుంది. అరవై మంది ఉన్న తరగతిలో ఆ తేడా కనిపించను కూడా కనిపించదు. చిన్న బడులు ఒక ఏడు ఆకాశంలో, మరుసటి ఏడు పాతాళంలో ఉండటానికి సగం కారణం ఇదే. ఎవరెవరికి ఎన్ని వచ్చాయో పేర్లు లేకుండా అడగండి. ఏడాది మధ్యలో కొత్తగా చేరినవాళ్లున్నారా?

పెన్నగట్టు:
ఉన్నారండీ. ఇటుక బట్టీ పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఇద్దరు, డిసెంబరులో చేరారు. ఇంకా తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటున్నారు. ఒకరికి రెండు, ఇంకొకరికి మూడు మార్కులు. మొత్తం 76లో ఆ ఐదూ తీసేస్తే ఆరుగురికి 71, సగటు దాదాపు 11.8. ఈ సంగతి మీటింగులో ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

చుక్కలముగ్గు:
ప్రైవేటు బడిలో చేర్పించిన తల్లిని. మా వాడికి లెక్కల్లో 20కి 19. ముందురోజు బోర్డు మీద చేయించిన లెక్కలే పరీక్షలో ఇచ్చారు. ఇంటికొచ్చాక పాలవాడికి యాభై ఇచ్చి చిల్లర ఎంత రావాలంటే బిక్కమొహం వేశాడు. బస్సు ఫీజు వేరే. ఇంతకంటే చెప్పలేను.

కావలి పంతులమ్మ:
బడి పరీక్ష వేరు, సర్వేలు వేరు. టీచరు శిక్షణ డీఎడ్ చదివేటప్పుడు 2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వేకు మమ్మల్ని బడులకు పంపారు. అది 3, 5, 8, 10 తరగతులకు. తరగతిలో ఎక్కువ మంది ఉంటే 30 మందినే తీసుకున్నాం. మూడో తరగతి పిల్లలు ప్రశ్నపత్రం మీదే గుర్తు పెడితే ఓఎంఆర్ షీటు మేము నింపాం. అది జిల్లా పరిస్థితి చెప్పే సర్వే, ఫలానా బడికి ఇంత అని మార్కు వేసేది కాదు. అలాంటి జాతీయ సర్వేనే 2024 డిసెంబరు 4న పరఖ్ పేరుతో జరిగింది, అది 3, 6, 9 తరగతులకు. పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే వాళ్లయితే ఇళ్లకే వచ్చి ఒక్కొక్క బిడ్డ చేత విడిగా రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. వీటన్నిటినీ కలిపి మాట్లాడేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

పెన్నగట్టు:
అర్థమైందమ్మా. లారీలో నాలుగు బస్తాలు గుచ్చి చూసి సరుకు ఎలా ఉందో చెప్పడం వేరు, ఒక్కో బస్తా తూచడం వేరు. మా దగ్గర ధాన్యం కొలతలో పుట్టి అంటే 850 కిలోలు. ఆ లెక్క పట్టుకుని వేరే ప్రాంతంలో బేరమాడితే తగువే.

పాత హెడ్మాస్టరు:
అలాగని పరీక్షను తీసిపారేయకండి. టీచరుగారిని అడిగి అమ్మాయి జవాబులు చూడండి. 52 నుంచి 27 తీసివేయమని అడిగి, ఎంచుకోవడానికి 35, 25, 79, 24 ఇచ్చారనుకోండి. 79 పెట్టినవాడు కూడేశాడు. 35 పెట్టినవాడు ఒకట్ల స్థానంలో ఏడులోంచి రెండు తీశాడు, అంటే పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలనుకుంటున్నాడు. రెండూ తప్పులే, మందులు వేరు. సగటు వేయగానే ఈ తేడా చెరిగిపోతుంది.

పెన్నగట్టు:
హెడ్మాస్టరు గారూ, నిన్న సాయంత్రం మా అమ్మాయికి ఆ లెక్కే ఇచ్చాను. 35 అంది! రెండులోంచి ఏడు పోదు కదా నాన్నా, అందుకే తిప్పానంది. ఎంత ధీమాగా చెప్పిందంటే ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది.

చీపురుపుల్లలు విరిచి పదేసి చొప్పున ఐదు కట్టలు కట్టాను, విడిగా రెండు. ఇరవై ఏడు ఇమ్మన్నాను. రెండు కట్టలు ఇచ్చి, చేతిలో ఉన్న రెండు పుల్లల వంక చాలాసేపు చూసింది. తర్వాత తనే ఒక కట్ట విప్పింది. పన్నెండు లెక్కపెట్టి ఏడు నా ముందు పెట్టి, మిగిలినవి పోగేసి ఇరవై ఐదు అంది. ఆ తర్వాత పలక మీద తప్పు చేస్తే కట్ట విప్పలేదే అని తనే దిద్దుకుంటోంది.

టీచరుగారికి ఈ సంగతి చెబితే, ఆరుగురిలో నలుగురిది ఇదే తప్పని, సోమవారం నుంచి పుల్లలతోనే మళ్లీ మొదలుపెడతానని అన్నారు. ఒడిశా పిల్లలకు పుల్లలకు భాష అడ్డం రాదు కదా అని కూడా అన్నారు. టీసీ సంగతి వేసవి దాకా ఎత్తవద్దని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, చీపురు పాడుచేశానన్న కోపం ఒకటి. ఎనిమిది మందికీ సరిపడా కట్టలు కట్టాలి, మిల్లు నుంచి గోనెదారం తెస్తున్నాను.