కాస్ట్‌కో కార్డు: డబ్బు కట్టి కొట్లోకి వెళ్లడం న్యాయమేనా?

పెసరట్టు_డల్లాస్:
అమెరికాలోని కాస్ట్‌కో పెద్ద దుకాణాల్లో సరుకు కొనాలంటే ఏడాదికి డబ్బు కట్టి సభ్యత్వ కార్డు తీసుకోవాలి. 2024 సెప్టెంబరులో మామూలు కార్డు 60 డాలర్ల నుంచి 65కి, కొన్నదాని మీద 2 శాతం వెనక్కిచ్చే ఎగ్జిక్యూటివ్ కార్డు 120 నుంచి 130కి పెంచారు. ఆ నెల మొదట్లో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో సభ్యత్వాల మీద వచ్చింది సుమారు 483 కోట్ల డాలర్లు. నిర్వహణ లాభం దాదాపు 929 కోట్లు. అంటే లాభంలో సగానికి పైగా కార్డులదే. సరుకు కొనడానికి వచ్చినవాడి దగ్గర గుమ్మంలోనే డబ్బు తీసుకోవడం నాకు అన్యాయంగానే ఉంది.

పాత_కిరాణా:
అన్నా, లెక్క కరెక్టే, కానీ నేను దాన్ని ఇంకోలా చూస్తాను. మా నాన్నగారిది కిరాణా కొట్టు కాబట్టి ఇది నాకు ఇష్టమైన విషయం. 1976లో శాన్ డియాగోలో సోల్ ప్రైస్ పాత విమానాల షెడ్డులో ప్రైస్ క్లబ్ పెట్టాడు. ఏడాదికి 25 డాలర్లు, అదీ మొదట్లో చిన్న వ్యాపారులకే. ఆయన దగ్గర పని నేర్చుకున్న జిమ్ సినెగల్, జెఫ్ బ్రాట్‌మన్‌తో కలిసి 1983లో సియాటిల్‌లో కాస్ట్‌కో తెరిచాడు. 1993లో రెండూ ఒకటయ్యాయి. వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు చూడండి: కొన్న ధర మీద 14 శాతం, సొంత బ్రాండు కిర్క్‌లాండ్ మీద 15 శాతం, అంతకు మించి వేసుకోరు. ఒక్కో స్టోరులో ఉండేది సుమారు 4,000 రకాలే. కార్డు డబ్బు ముందే చేతికొస్తుంది కాబట్టి సరుకు మీద లాగాల్సిన పని లేదు. ఆ రుసుం తీసేస్తే అదే డబ్బు పప్పు మీదో నూనె మీదో పడుతుంది.

ఇద్దరమే_ఇంట్లో:
పాత కిరాణా గారూ, ఆ చౌక ధర ఎవరికి అందుతోంది? కారు ఉండాలి, గ్యారేజీ ఉండాలి, పెద్ద ఫ్రీజర్ ఉండాలి. మేమిద్దరం అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. అంత పెద్ద ప్యాకెట్ పాలకూర మా ఇంట్లో నాలుగు రోజులకే కుళ్లిపోతుంది. బస్సులో వెళ్లి వారానికి సరిపడా కొనుక్కునేవాళ్లు, డబ్బు తక్కువున్నా, పక్క కొట్లో ఎక్కువ ధర ఇస్తారు. నా బాధంతా అదే.

పాత_కిరాణా:
ఆ మాట నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్తాను: నచ్చకపోతే ఎప్పుడైనా కార్డు రద్దు చేసుకోవచ్చు, కట్టిన రుసుం వెనక్కిస్తారు. అమెరికా, కెనడాల్లో పదిమందిలో తొమ్మిదిమంది మళ్లీ కడుతున్నారు. ఇష్టం లేనిదే అంతమంది కట్టరు.

పెసరట్టు_డల్లాస్:
ధరల సంగతి విన్నాక, కార్డు రుసుం అన్యాయమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎగ్జిక్యూటివ్ కార్డు లెక్క మాత్రం వేశాను. అదనంగా కట్టే 65 డాలర్లు ఆ 2 శాతం రివార్డుతో వెనక్కి రావాలంటే ఏడాదికి 3,250 డాలర్ల సరుకు కొనాలి. మా ముగ్గురి ఖర్చు అంత లేదు. ఈ శనివారం వెళ్లి మామూలు కార్డుకి మారుతున్నాను.